వీధితో కలవని తీగ

“కరెంటు పోయి, సిలిండర్ కూడా అయిపోతే, పాప ఏమవుతుందక్కా?”

నేను ఇది అడిగేసరికి ఆమె తల సోలార్ ప్యానెల్ కింద ఉంది. నాకు కనిపిస్తున్నవి మోకాళ్ళ దాకా రెండు కాళ్ళు, అరిగిన రబ్బరు బూట్లు. ఒక చెయ్యి బయటికి వచ్చింది.

“ఆ పదమూడో నంబరు పానా ఇటివ్వు.”

ఇచ్చాను. ఇదే ప్రశ్న డాక్టర్లను అడిగాను, నర్సులను అడిగాను, మా ఆవిడను వారానికి మూడుసార్లు అడిగాను. అందరూ భుజం తట్టి ఏదో ఒకటి చెప్పారు. పానా అడిగింది ఈమె ఒక్కతే. అదే నయమనిపించింది.

మా పేటలో ఆమెను అందరూ నిచ్చెనక్క అంటారు. యాభై రెండేళ్ళుంటాయి. చిన్న వ్యాను, దాని నెత్తిన మడత నిచ్చెన. ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంటి నిచ్చెన ఎక్కదు. జనం నిచ్చెనలు జనంలాగే ఉంటాయనీ, ఏ మెట్టు దగ్గర మాట తప్పుతాయో తెలియదనీ అంటుంది. ఇది జోకని మొదటిసారి నాకు అర్థం కాలేదు, ఎందుకంటే చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండదు. ఏది చెప్పినా ఉండదు.

ఆమె మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మా పైకప్పు సంగతి చెప్పాలి.

ఇల్లు మా అత్తగారిది. ఆవిడ కింద, మేము మేడ మీద. పదకొండేళ్ళ కిందట మామగారు బతికుండగా పైన పన్నెండు సోలార్ ప్యానెళ్ళు పెట్టించి, ఒప్పందం అత్తగారి పేరున రాయించారు. ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు వీధి తీగలోకి పోతుంది. కరెంటు కంపెనీ దాన్ని ఇరవై ఏళ్ళపాటు ఒకే రేటుకు కొనాలి. ఫీడ్-ఇన్ టారిఫ్ అంటారు, మా ఇంట్లో మాత్రం ‘పాత రేటు’ అంటాం. ఇప్పుడు పెట్టించుకునేవాళ్ళకు అందులో సగం కూడా రాదు. షరతు ఒక్కటే. కాగితంలో ఏది రాసి ఉందో పైకప్పు మీద అదే ఉండాలి. ప్యానెళ్ళు మార్చినా, బ్యాటరీ కలిపినా పాత రేటు పోతుంది. ఇంకా తొమ్మిదేళ్ళుంది. అత్తగారు ఆ డబ్బుతోనే ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతున్నారు. నేను ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలోనే ఒక మాట అన్నారు: “అల్లుడుగారూ, మీరు మేడ మీద హాయిగా ఉండండి. మేడ నెత్తిన ఉన్నవాటి జోలికి మాత్రం వెళ్ళకండి.” ఇల్లరికపు అల్లుడికి అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

వెళ్ళలేదు. పాప పుట్టేదాకా ఆ అవసరమే రాలేదు.

పాప పన్నెండు వారాలు ముందు పుట్టింది. డెబ్బై రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడేదాకా, అంటే ఏడాదో ఏడాదిన్నరో, గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషన్ పక్కనే ఉండాలన్నారు. ఇంటికి తెచ్చిన రోజు అత్తగారు ఏడ్చారు, మా ఆవిడ నవ్వింది. నేను మిషన్ వెనక వంగి, అది ఎన్ని వాట్లు లాగుతుందో చీటీ మీద చదువుతున్నాను. మూడు వందల పది. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. పాప ఆ రోజు ఏ రంగు గౌను వేసుకుందో గుర్తులేదు. డెబ్బై రోజుల్లో నాలో ఎక్కడో ఏదో మొద్దుబారింది. అది మళ్ళీ కదలకపోయినా పనులు జరిగిపోతున్నాయి కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బయట మాడ్చేసే ఎండ. నేను ఫిజిక్స్ చదివినవాణ్ణి, నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తాను, పైగా నెత్తి మీద పన్నెండు ప్యానెళ్ళున్నాయి. మిషన్ ఆగినా నేను మొదట కంగారుపడలేదు. రెండు నిమిషాలకు మెట్ల కిందికి వెళ్ళి, ప్యానెళ్ళ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ చూశాను. ఎర్ర దీపం. ప్యానెళ్ళు కూడా ఆగిపోయాయి. వీధిలో కరెంటు లేకపోతే వాటంతటవే ఆగిపోయేలా చేస్తారని నాకప్పుడు తెలియదు. ఆసుపత్రివాళ్ళిచ్చిన చిన్న సిలిండర్ గొట్టం పాప ముక్కుకు తగిలించి, దాని ముల్లు చూస్తూ కూర్చున్నాను. గంటన్నర వస్తుందన్నారు. కరెంటు గంటా ఇరవై నిమిషాలకు వచ్చింది.

మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి అంతా మామూలుగా ఉంది. ఏం జరిగిందో చెప్పాను. నువ్వు చెబుతుంటే వార్తలు చదివినట్టుందని ఆమె అంది.

మర్నాడే ముగ్గురం కూర్చున్నాం. పెద్ద ప్యానెళ్ళు, పెద్ద బ్యాటరీలు పెట్టించి ఇల్లంతా దాని మీద నడపాలని నా ఆలోచన. కంపెనీకి దరఖాస్తు పెడితే మూడు నెలలు, పాత రేటు గోవిందా. చెప్పకుండా పెట్టిస్తే రెండు రోజులు. పక్క వీధిలో సగం ఇళ్ళు అలాగే చేశాయట. సోలార్ దుకాణంవాడు ఫోన్లో, మీటరుకు తెలిస్తేగా సార్ అని నవ్వాడు. అత్తగారు కూడా ఆలోచించి, “కాగితం మీద లేనిది ఇంట్లో ఎంత ఉంటే మాత్రం ఎవరికి నష్టం?” అన్నారు. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. ఆ నవ్వేవాడు వద్దు, నిచ్చెనక్కతో చేయించు అంది.

అలా వచ్చింది. ముందు పాత ప్యానెళ్ళ బిగింపులన్నీ చూసింది, వదులైనవి బిగించింది, కిందికి దిగింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, నేను గీసిన బొమ్మ ముందు పెట్టాను. రాత్రులు కూర్చుని గీశాను, ఏ తీగ ఎంత మందమో కూడా రాశాను. మొత్తం చూసింది.

“బొమ్మ బాగుంది. కుదరదు.”

ఎందుకు కుదరదని అడిగాను. కంపెనీకి చెప్పకుండా వీధి తీగకు కలిసే బ్యాటరీ తను పెట్టనంది. అక్కడ మార్పు స్విచ్ ఉంటుంది కదా, వీధిలో కరెంటు పోతే మెయిన్ ఆపి అప్పుడే బ్యాటరీ వేస్తాం కదా అని బొమ్మలో చూపించాను. తల ఊపింది గానీ ఒప్పుకున్న ఊపు కాదు. నా గొంతు పెరిగింది. దరఖాస్తు కాగితం బల్ల మారేలోపు పాపకేమైనా అయితే ఎవరిది పూచీ అన్నాను. పక్కగదిలో మిషన్ గురగురమంటోంది. నిచ్చెనక్క గ్లాసు కింద పెట్టి, అది బల్ల మీద చేసిన తడి గుండ్రాన్ని బొటనవేలితో తుడిచింది.

“మా ఆయన లైన్‌మన్. తెగిన తీగ కలపడానికి స్తంభం ఎక్కాడు. ఎక్కేముందు టెస్టర్ పెట్టి చూశాడు, ఏమీ లేదు. తెగిన తీగకి రెండు కొసలుంటాయి కదా. రెంటికీ భూమిలోకి పోయే గొలుసు తగిలించాలి, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోడానికి. ఆ రోజు బండిలో గొలుసు ఒకటే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు తగిలించాడు. కరెంటు వచ్చేది అటునుంచే కదా. ఇళ్ళ వైపునుంచి వస్తుందని ఎవరనుకుంటారు.”

నా వేలు ఇంకా బొమ్మలో మార్పు స్విచ్ మీదే ఉంది.

“వీధి చివరింటాయన బజారు నుంచి వచ్చాడు. ఫ్రిజ్ ఆగి ఉంది. బ్యాటరీ స్విచ్ వేశాడు. మెయిన్ ఆపడం మర్చిపోయాడు. ఆ కరెంటు వెనక్కి వీధి తీగలోకి పోయింది. పాత రేటు పోతుందని ఎవరికీ చెప్పకుండా పెట్టించుకున్న బ్యాటరీ.”

ఇంతా విన్నాక నా నోటి నుంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

“నేను మర్చిపోనక్కా. ఫిజిక్స్ చదివాను.”

“ఆయన లెక్కల మాస్టారు,” అంది.

లేచి సంచి సర్దుకుంటూ, ఆయన చెడ్డవాడు కాదని కూడా చెప్పింది. వాళ్ళమ్మ మందులు చల్లగా ఉంచాలట, ఎండలకు పాడైపోతాయని భయపడ్డాడట. నా బొమ్మను మడిచి తన జేబులో పెట్టుకుంది. రెండు రోజులు టైమివ్వు అని వెళ్ళిపోయింది.

అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారని అప్పుడు చూశాను. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు. సాయంత్రం మేడ మీదికి వచ్చి, తనకా రేటు అక్కర్లేదనీ, దరఖాస్తు పెట్టేయమనీ అన్నారు. మూడు నెలలు అత్తయ్యా అన్నాను. మూడు నెలలు నేనూ పక్కన కూర్చుంటాను అన్నారు. ఆవిడ కూర్చుంటే సిలిండర్ నిండదు కదా అని నాకు అనిపించింది. అనలేదు.

రెండో రోజు కాగితం మీద నా సంతకం కావాలని నిచ్చెనక్క ఫోన్ చేస్తే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులు, తుడిచిన నేల, గోడకు వరసగా మేకులు, మేకులకు చుట్టలు చుట్టిన తీగలు, లావువి ఒక వైపు, సన్నవి ఒక వైపు. ఒక ముసలావిడ పెద్ద గొంతుతో మోగుతున్న రేడియో పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆ లైన్‌మన్ తల్లి. ఆయన పోయినప్పటినుంచీ, పదిహేడేళ్ళుగా, ఇద్దరూ అలాగే కలిసి ఉంటున్నారు. ఇంట్లో కబుర్లేం చెప్పుకుంటారని మర్యాదకు అడిగాను.

“మా అత్తకి చెవులు వినపడవు. నాకు మాటలు రావు. సరిపోయింది.”

మిగతా సంగతులు ఆమె చెప్పినవి కొన్ని, పేటలో విన్నవి కొన్ని. పెళ్ళినాటికి ఆమె ఒక కుట్టు దుకాణంలో బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుట్టేది. రోజుకు రెండు వందల కాజాలు. ఆ చూపు చెక్కుచెదరలేదు, ఎంత సన్న తీగనైనా ఒక్కసారికే రంధ్రంలోకి దూరుస్తుంది. భర్త పోయాక కంపెనీవాళ్ళు ఫిర్యాదుల గదిలో ఉద్యోగమిచ్చారు. చెవులకు ఫోను తగిలించుకుని, కరెంటు పోయిందని అరిచేవాళ్ళకు జవాబు చెప్పాలి. చింతిస్తున్నాం అని మొదలయ్యే వాక్యమొకటి అచ్చువేసి బల్లకు అంటించారు. ఆమె ఆ వాక్యం ఎన్నడూ చదవలేదు. ఇంకెంతసేపు అని ఎవరడిగినా, “పైన మనిషున్నాడండీ, దిగాక వస్తుంది,” అనేది. పై అధికారి రెండుసార్లు పిలిచి మందలించాడు. మూడోసారి పిలవకముందే మానేసి, సాయంత్రపు కరెంటు పని కోర్సులో చేరింది. క్లాసులో ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదటి రోజు ఒకడు, ఏమక్కా వంటింట్లో ఫ్యూజు పోయిందా అని నవ్వాడట. అవును, మీ ఇంట్లోనే, నీకు వెయ్యడం రావట్లేదని మీ ఆవిడ ఫోన్ చేసింది అందట ఈమె. ఆ తర్వాత ఏడాదంతా అతను ఆమె పక్కనే కూర్చుని నోట్సు చూసి రాసుకున్నాడు.

నేను సంతకం పెట్టిన కాగితం కంపెనీకి ఒక తెలియజేత. ఈ ఇంట్లో వీధి తీగకుగానీ మీటరుకుగానీ ఎక్కడా తగలని చిన్న ఏర్పాటు ఒకటి పెడుతున్నాం, పాత పన్నెండు ప్యానెళ్ళు అలాగే ఉంటాయి, కావాలంటే వచ్చి చూసుకోండి. అంతే. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, ఇది మాకెందుకమ్మా, మా తీగకు తగలనిది మా సంగతి కాదు కదా అన్నాడట. తగలదని రాసి ముద్ర వెయ్యి బాబూ అందట. నాలుగో రోజుకు ముద్ర పడింది.

అసలు ఆలోచన చాలా చిన్నది. నేను ఇల్లంతటినీ కాపాడాలని చూశాను. ఆమె నా బొమ్మను వెనక్కి తిప్పి, వెనక ఒకే ఒక్క గీత గీసింది. “ఇంట్లో ఏది ఆగితే మనిషి ప్రాణం ఆగుతుందో అది ఒక్కటే చెప్పు,” అంది. మిషన్ అన్నాను. ఫ్రిజ్? అక్కర్లేదు. ఫ్యాను? ఆలోచించి, అక్కర్లేదన్నాను. “మరి ఊరంతా ఎందుకు మోస్తావు తమ్ముడూ.”

శనివారం పని. మేడ వరండా గోడకు దక్షిణం వైపు రెండు ప్యానెళ్ళు, లోపల గోడవార ఒక బ్యాటరీ, దాని పక్కన చిన్న ఇన్వర్టర్. ఎనిమిది గంటలు మిషన్‌ను నడుపుతుంది. అక్కడ నుంచి ఒక తీగ, గోడ మీద ఒక ఎర్ర సాకెట్టు. దానికి జానెడు దూరంలో ఇంటి మామూలు తెల్ల సాకెట్టు. వాటి మధ్య మార్పు స్విచ్ లేదు, ఏ తీగా లేదు. మిషన్‌కు ఉన్నది ఒకే ప్లగ్గు. వీధిలో కరెంటు ఉన్నంతసేపు తెల్లదానిలో, పోతే పీకి ఎర్రదానిలో.

ఇది దానంతటదే మారేలా పెట్టొచ్చు కదా అని అడిగాను. పెట్టొచ్చు, అది చెడిపోయిన రోజు నీకు తెలియదు అంది. మరి చేత్తో మార్చేటప్పుడు నేను మర్చిపోతే? మర్చిపోతే మిషన్ అరుస్తుంది, నువ్వు సిలిండర్ తగిలిస్తావు, స్తంభం మీదివాడికి ఏమీ కాదు అంది. ఒకే ప్లగ్గు రెండు సాకెట్లలో ఒకేసారి దూరదు. నేను చదివిన చదువులో ఇంత నమ్మదగిన సూత్రం మరొకటి కనిపించలేదు.

అత్తగారు కుర్చీ వేసుకుని పని అంతా చూశారు. తన పాత రేటు ఉన్నట్టా పోయినట్టా అని చివరికి అడిగారు. ముద్ర వేసిన కాగితం నిచ్చెనక్క ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని చదివి, పమిటతో కళ్ళు ఒత్తుకుని, భోజనం చేసి వెళ్ళమన్నారు. చేతులు కడుక్కుని వచ్చింది.

తినేటప్పుడు మా ఆవిడ అడిగింది, ఆ మాస్టారు తర్వాత ఎప్పుడైనా కనిపించారా అని. అడగకూడనిది అడిగిందని నేను కాలితో తట్టాను. నిచ్చెనక్క మాత్రం మామూలుగానే చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆయనే ఫోన్ చేశాడట, ప్యానెళ్ళు మార్చాలి, బ్యాటరీ పద్ధతి ప్రకారం పెట్టాలి, కాగితాలన్నీ మీరే చూడండి అని. ఆమె ఎవరో ఆయనకు తెలియదు.

“వెళ్ళారా?” అంది మా ఆవిడ.

“వెళ్ళాను. మూడు రోజుల పని.”

“ఏమనిపించింది?”

నిచ్చెనక్క నిజంగానే ఆలోచించింది. ముద్ద చేతిలోనే ఉంది.

“ఏమీ అనిపించలేదమ్మా. ఒక నట్టు తుప్పు పట్టి రాలేదు. నూనె వేసి గంటాగి తీశాను.”

ఆమె పెరుగు మళ్ళీ వేయించుకుంది. నాకు ఆ జవాబు భయంకరంగా అనిపించాలి. అనిపించలేదు. గౌను రంగు గుర్తులేనివాడికి అది అర్థమయింది, అంతే. ఆయన ఇంటి మెయిన్ పక్కన ఇప్పుడు పద్ధతి ప్రకారం స్విచ్ ఉంది. ఆ వీధిలో స్తంభం ఎక్కేవాడు దిగుతాడు. ఆమెకు కావలసింది ఆమె చేసుకుంది.

వెళ్ళేముందు పాప గదిలోకి వచ్చింది. ఆ వారమంతా ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు. తొట్టెలోకి వంగి చూసింది. పాప ముక్కు దగ్గరి గొట్టాన్ని చేత్తో పట్టుకుని నిద్రపోతోంది. ముద్దు చేయలేదు, దీవించలేదు. మిషన్ ప్లగ్గు పీకి ఎర్ర సాకెట్టులో పెట్టింది, మిషన్ మళ్ళీ పూర్తిగా అందుకునేదాకా నిలబడింది, తీసి తెల్లదానిలో పెట్టింది. ఇప్పుడు నువ్వు చెయ్యి అంది. చేశాను. తొందరలో ప్లగ్గు రెండుసార్లు సాకెట్టు అంచుకు కొట్టుకుంది.

ఏర్పాటంతా సరిగ్గా ఉందనీ, అయినా నిద్రపడుతుందన్న నమ్మకం లేదనీ ఆమెతో చెప్పాను. ఎప్పుడు పోతుందో తెలియకపోవడమే నన్ను తినేస్తోందన్నాను. మొదటి రోజు ప్యానెల్ కిందికి వేసిన ప్రశ్నే మళ్ళీ వేస్తున్నానని నాకూ తెలుసు. ఈసారి ఆమె చేతిలో పానా లేదు.

“నెలకోసారి, పట్టపగలు, మీ ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు, మెయిన్ నువ్వే ఆపు. అది పోయేదాకా కాచుక్కూర్చోకు.”

“ఆపి?”

“చెయ్యాల్సింది చెయ్యి. అరగంట అలాగే ఉండనీ. సిలిండర్ ముల్లు చూడు, బ్యాటరీ ఎంతుందో చూడు. మళ్ళీ వెయ్యి.”

“ఇలా ఎన్నాళ్ళక్కా?”

“నీ చేతులు తొందర మానేదాకా. మానాక కూడా.”

నిచ్చెన మడిచి వ్యాను మీద కట్టుకుని వెళ్ళింది. ఆ నెల మొదటి ఆదివారం పదకొండింటికి మా ఆవిడ తొట్టె దగ్గర నిలబడింది, నేను మెట్ల కింద మెయిన్ ఆపాను. పైకి పరిగెత్తి ప్లగ్గు మార్చేసరికి నలభై సెకన్లు పట్టింది. మూడో నెలకు పరిగెత్తడం మానేశాను. ఇప్పుడు ఏడో నెల. నిన్న అత్తగారు కింద నుంచి కేకేశారు, పదకొండయింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, మర్చిపోయారా అల్లుడుగారూ అని. మర్చిపోలేదు. పాపకు పాలు పట్టడం పూర్తయ్యేదాకా ఆగి, దిగి వెళ్ళి మెయిన్ ఆపాను.